ఎడమ చెప్పు రసీదు

సీట్ల షెడ్డు నుంచి,
మొదటి వాన పడిన మర్నాడు

అక్కా,

బావకి ఎలా ఉంది? ఫోన్లో అడిగితే "బానే ఉన్నారు" అని టక్కున పెట్టేస్తావు. ఉత్తరాన్ని అలా పెట్టెయ్యలేవు కదా, అందుకే రాస్తున్నా. అయినా ఈ నెల వంతు నాదే. ఆరో తరగతితో బడి మానేసినవాడు అక్షరాలు మర్చిపోకూడదని నువ్వు కాపురానికి వెళ్తూ పెట్టిన షరతు ఇది. ఇరవై ఏడేళ్ళయింది. అక్షరాలు మర్చిపోలేదు. బుద్ధే ఇంకా రాలేదు.

మొన్న ఆదివారం మీ ఇంట్లో అందరం కలిసి భోంచేశాక నేను వట్టికాళ్ళతోనే వెళ్ళి వ్యాన్లో వెనక సీటు మీద పడుకున్నానా, లోపల్నించి ధబ్బుమని చప్పుడు. వచ్చేసరికి బావ ముందుగది మంచం మీదున్నాడు. నువ్వు "నేల తడిగా ఉంది, కాలు జారింది" అంటున్నావు. ఆసుపత్రికి తోలుకెళ్ళింది నేనే కదా, అక్కడ దిగాక చూసుకుంటే ఒక కాలికే చెప్పుంది! గుమ్మంలో విప్పిన జతలో ఎడమది కనబడలేదు, కుడిది తగిలించుకుని పరిగెత్తా. నర్సమ్మ నా కాళ్ళు చూసి "పేషెంటు మీరా?" అంది.

బావ ఉసురే తగిలినట్టుంది. ఆయన మొదటిసారి మనింటికి వచ్చిన రోజు నవ్విద్దామని ఎడమ చెప్పు దాచా. నవ్వలేదు. వెతుక్కుని, తొడుక్కుని, "హుఁ" అని వెళ్ళిపోయాడు. అప్పట్నుంచి నాకు పంతం, కలిసినప్పుడల్లా దాస్తూనే ఉన్నా. ఆ ఆదివారం కూడా దాచా. ఎక్కడో చెప్పను. లేచి నడిచాక తనే వెతుక్కుంటాడు.

నా చెప్పు కనిపిస్తే పక్కన పెట్టు. కుడిది ఒంటరిదైపోయింది, పాపం.

నీ కోతి


ఆసుపత్రి వరండా నుంచి

తమ్ముడూ,

ఆపరేషన్ అయింది. తుంటి ఎముకకి ప్లేటు వేసి బిగించారు. మెలకువ రాగానే ఆయన అన్న మొదటి మాట ఏంటో తెలుసా? "ఆ గోడ గడియారం నాలుగు నిమిషాలు వెనకుంది, ఎవరికైనా చెప్పు." గడియారాలు బాగుచేసే మనిషితో కాపురం చేస్తే ఇంతే.

డాక్టరు మాత్రం ఒకటే చెప్పాడు. ఆరు వారాలయ్యాక రోజూ నడవాలి, భయపడి కూర్చుంటే కాలు బిగుసుకుపోతుంది, ఆపైన కుర్చీయే గతి అన్నాడు. నేను తలూపాను. ఈయన కిటికీ వైపు చూశాడు.

ఆయన వస్తువులన్నీ నర్సు ఒక సంచీలో కట్టిచ్చింది. చేతి గడియారం, కళ్ళజోడు పైకి తీసుకున్నా. అడుగున చెప్పులున్నట్టున్నాయి, నడవని మనిషికి అవెందుకులే అని మూతి కట్టేశా.

లాండ్రీలో పది రోజులు సెలవు పెట్టాను. నా బదులు కౌంటర్లో కూర్చున్నామె పొడుగు కోటు ఒకటి పొట్టాయనకి ఇచ్చేసిందట. ఆయన మాట్లాడకుండా తీసుకెళ్ళిపోయాడట.

జారాడు, అంతే. ఎలా జారాడు, ఎక్కడ జారాడు అని ఫోన్లో పదేపదే అడక్కు. నీ చెప్పు ఇంట్లో ఎక్కడా లేదు. కొత్త జత కొనుక్కో, పిసినారీ.

అక్క


సీట్ల షెడ్డు నుంచి, వాన కురుస్తుండగా

అక్కా,

షెడ్డు మూడు చోట్ల కారుతోంది. ఒక బకెట్టు, ఒక గిన్నె, మూడో చోట నేను. బస్సు సీట్లు ఇరవై రెండు వచ్చి పడ్డాయి, ఒక్కోదాని ఒళ్ళంతా చిరుగులే.

ఈ ఉత్తరం తెచ్చినాయన చేతిలో పెద్ద మూట ఉంటుంది చూడు, అది బావ కుర్చీకి దిండు. కింద గట్టి ఫోము, పైన మెత్తది, తుంటి ఆనేచోట గుంట తీశా. పైన గోధుమ రంగు రెక్సిన్, రెండు వరసల కుట్టు. కవరు తీసి ఉతుక్కోడానికి వెనక జిప్పు కూడా పెట్టా. బావని అందులో చెప్పులేమీ లేవని నమ్మించు. నమ్మడు, నాకు తెలుసు.

చలికాలం ఆనకట్ట చూడ్డానికి వెళ్ళాం, గుర్తుందా? ముందురోజే మీ ఇంటికొచ్చి వ్యాన్ సీటు విప్పి ఆయన ఎడమ చెప్పు లోపల పెట్టి కుట్టేశా. పాపం మనిషి రెండు గంటలు దాని మీదే కూర్చుని వచ్చాడు. దిగాక ఆనకట్టంతా ఒంటి చెప్పుతో తిరిగాడు గానీ ఒక్క మాట అడగలేదు. తిరుగు ప్రయాణంలో జేబులోంచి చిన్న కత్తెర తీసి, సీటు కుట్టు ఒక్కో పోగూ కోసి, చెప్పు తీసుకుని "హుఁ" అన్నాడు. మైకు నవ్వీ నవ్వీ ఎక్కిళ్ళు తెచ్చుకుంది. మీ అమ్మాయికి ఆ పేరు పెట్టి నేనేం తప్పు చేయలేదు, ఆ గొంతు నాలుగు వీధులకి చాలు.

ఈ చలికాలం కూడా వెళ్దాం. బావని నడవమను.

నీ కోతి


లాండ్రీ కౌంటర్ నుంచి, మధ్యాహ్నం

తమ్ముడూ,

దిండు బాగా కుదిరింది. ఆయన ముందు జిప్పు తీసి లోపల చెయ్యి పెట్టి వెతికాడు. తర్వాత కూర్చున్నాడు. కాసేపటికి "కుట్టు సూటిగా ఉంది" అన్నాడు. ఆ నోట్లోంచి అంతకన్నా మెచ్చుకోలు నాకు కూడా ఎప్పుడూ రాలేదురా.

కష్టమేంటంటే, ఆ దిండు మీంచి లేవట్లేదు. కసరత్తులు చేయించే అమ్మాయి రోజు విడిచి రోజు వస్తోంది. నాలుగు కాళ్ళ స్టాండు ఎదురుగా పెట్టి "లేవండి అంకుల్" అంటుంది. ఈయన "రేపు" అంటాడు. రేపటి రోజూ అదే మాట. కిటికీ దగ్గర కూర్చుని, కంటికి అద్దం తగిలించుకుని, ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని గడియారాలు బాగుచేస్తూ ఉంటాడు. నేను పట్టుకుంటే తప్ప నిలబడడు. మళ్ళీ పడతానని భయం. పైకి చెప్పడు, స్టాండు పట్టుకున్న వేళ్ళు చూస్తే తెలుస్తుంది. ఆరు వారాలు దాటి ఇంకో మూడు వారాలైంది.

మైకుకి మీ ఊళ్ళో పరీక్ష పడింది. రెండు రోజులు మీ ఇంట్లోనే ఉంటుంది. మరదలికి శ్రమ ఇస్తున్నందుకు ఏమీ అనుకోవద్దను. మైకు చెప్పేవన్నీ నమ్మకు.

అక్క


సీట్ల షెడ్డు

గౌరవనీయులైన అక్కగారికి,

ఉత్తరం అందింది. ఇక్కడ అందరం క్షేమం. అక్కడ బావగారు కోలుకోవాలని కోరుకుంటున్నాము. మైకు పరీక్ష బాగా రాసింది. బస్సు ఎక్కించాను.

పని ఎక్కువగా ఉన్నందున ఈసారి అందరూ కలిసే రోజుకి రాలేకపోతున్నాము. ఆనకట్టకి కూడా వద్దనుకున్నాము.

ఇట్లు,
తమ్ముడు


లాండ్రీ కౌంటర్ నుంచి, కోపంగా

ఒరేయ్,

ఏంట్రా ఆ ఉత్తరం? కరెంటాఫీసు వాళ్ళు నోటీసు పంపారనుకున్నా. "గౌరవనీయులైన" అట! ఇరవై ఏడేళ్ళలో నువ్వు నన్ను గౌరవించిన రోజు ఒక్కటి చూపించు.

మైకుని కూర్చోబెట్టి అడిగితే ఏడుస్తూ చెప్పింది, నీకేం చెప్పిందో. సరే, నేను దాచింది నేనే చెప్తా. నేల తడిగా లేదు. ఆయన పడింది వెనకగదిలో, స్టూలు మీంచి. చప్పుడు విని నేనూ మైకూ పరిగెత్తాం. బీరువా పక్కన స్టూలు పడి ఉంది. చెప్పు వెతుక్కుంటూ ఎక్కాడని ఇద్దరికీ అర్థమైంది. ముందుగదిలోకి మోసుకొచ్చి, నువ్వు లోపలికి వచ్చేలోపు స్టూలు తీసేశాను. నీకు తెలిస్తే ఇలా అయిపోతావని. తెలిసింది, అలాగే అయిపోయావు.

ఒకటి విను. నాన్న పోయిన ఏడాది నా చదువు ఆగకూడదని నువ్వు బడి మానేసి సీట్ల షెడ్డులో చేరావు. పన్నెండేళ్ళవాడివి. వేళ్ళనిండా సూది పోట్లు. ఆ ఏడాది మనింట్లో ఎవరూ నవ్వలేదు. నువ్వొచ్చి నా పుస్తకాల సంచీలో రెక్సిన్ ముక్కతో కుట్టిన కప్పని పెట్టావు. క్లాసులో సంచీ తెరిచి నేను పెట్టిన కేకకి నన్ను బయట నిలబెట్టారు. బయట నిలబడి నవ్వాను చూడు, ఏడాదిలో మొదటిసారి. ఆ కప్ప ఇప్పటికీ నా దగ్గరుంది. నీకు ఎప్పుడూ చెప్పలేదు, నెత్తికెక్కుతావని.

ఆయన రోజూ గుమ్మం వైపు చూస్తున్నాడు. మొన్న "మీవాడు రాలేదేం?" అన్నాడు. ఆయన నోట నీ మాట రావడం నేను వినలేదెప్పుడూ. వచ్చి మళ్ళీ చెప్పు దాచరా. దాని కోసమైనా లేస్తాడేమో.

అక్క


సీట్ల షెడ్డు నుంచి, చలికి వణుకుతూ

అక్కా,

కప్ప సంగతి చదివి సీటు మీద సూది వదిలేసి బయటికెళ్ళి నిలబడ్డా. మా ఆవిడ టీ తెచ్చి "ఏమైంది" అంది. కప్ప అన్నా. మనిషికి మతి చెడిందనుకుంది.

అయినా నేను రాను. చెప్పు దాచను. నా వేళాకోళానికి ఒక మనిషి తుంటి విరిగింది. నవ్వించాలని ఇరవై ఏడేళ్ళు ప్రయత్నం చేసి చివరికి పడగొట్టా. ఆయన్ని ఏ మొహం పెట్టుకుని చూడను? "హుఁ" అన్నా భరించలేను, అనకపోయినా భరించలేను.

ఈసారి ఆనకట్టకి వెళ్ళలేదు కదా, ఆ ఆదివారం ఖాళీ వ్యాన్‌ని కడిగి మళ్ళీ కడిగా.

ఒక్క పని చేసిపెట్టు. ఆ రోజు ఆయన చెప్పుని వెనకగది మూలన ఉతకాల్సిన కర్టెన్ల మూటలో, మధ్యలో దూర్చా. ఇంకా అక్కడే ఉండి ఉంటుంది. ఆయన కంటబడకముందే తీసి పారెయ్యి.

తమ్ముడు


ఇంటి నుంచి, కర్టెన్లన్నీ నేల మీద పరుచుకుని

తమ్ముడూ,

నిలబడి చదువుతుంటే కూర్చో. కూర్చుని చదువుతుంటే లేచి నిలబడు.

మూట విప్పాను. ఒక్కో కర్టెనూ దులిపాను. చెప్పు లేదు. రెండోసారి దులిపినా లేదు. అప్పుడు ఆసుపత్రి సంచీ గుర్తొచ్చింది. మంచం కిందనుంచి లాగి మూతి విప్పితే, కుడిదీ ఎడమదీ, రెండూ ఉన్నాయి! జతకి జత. ఆ రోజు ఆయన కాళ్ళకి రెండు చెప్పులూ ఉన్నాయిరా. ఆ కంగారులో కాళ్ళ వంక ఎవరు చూశారు?

రెండూ పట్టుకెళ్ళి ఆయన ఒళ్ళో పళ్ళెంలో పెట్టా. "ఎడమది దొరికేశాక స్టూలెందుకెక్కారు?" అన్నా. ఆయన చెవులు ఎర్రగా అయిపోయాయి. సరే, నేనే చూస్తానని స్టూలు పట్టుకుని వెనకగదికి వెళ్తున్నానా, వెనకనుంచి "ఆగు" అన్నాడు. తిరిగి చూద్దును కదా, స్టాండు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎవరూ పట్టుకోలేదు. "ఆగమన్నానా!" అంటూ ఒక అడుగు వేశాడు. ఇంకోటి వేశాడు. కుర్చీనుంచి వెనకగది గుమ్మం దాకా పద్నాలుగు అడుగులు. నేను లెక్కపెట్టా. మైకు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. దాని జన్మలో అది మొదటిసారి.

బీరువా మీద, పాత గడియారం పెట్టె వెనకాల, కాగితంలో చుట్టి ఉంది. నీ ఎడమ చెప్పు!

ఇరవై ఏడేళ్ళ తర్వాత ఆయనకి బుద్ధి పుట్టిందట, ఒక్కసారైనా నీది దాచాలని. తనది ఐదు నిమిషాల్లో వెతుక్కున్నాడట. "వాడు కొత్తగా ఆలోచించడం మానేశాడు" అంటున్నాడు. విప్పితే నువ్వు మళ్ళీ ఎక్కడ దాస్తావోనని చెప్పులు వేసుకునే స్టూలెక్కాడట. నీది పైన పెట్టి దిగుతుంటే పడ్డాడు. అందుకే ఇన్నాళ్ళూ నోరు విప్పలేదు. అరవై ఏళ్ళ మనిషి, బావమరిది చెప్పు దాస్తూ తుంటి విరగ్గొట్టుకున్నానని డాక్టరుకి ఎలా చెప్పాలట?

"మరి వాడు తన తప్పనుకుని కుమిలిపోతున్నాడు కదండీ" అన్నా. ఆయనకి ఆ సంగతి తెలీదురా. నువ్వు పనిలో ఉండి రావట్లేదని చెప్పాను నేను. కళ్ళజోడు తీసి తుడుచుకుని, "తప్పు స్టూలుది. దానికో కాలు పొట్టి" అన్నాడు.

చెప్పుకి ఒక చీటీ కట్టి ఉంది. గడియారాలు మరమ్మతుకి వచ్చినప్పుడు కడతాడే, అదే రసీదు. ఆ రోజు రాసిందే. చూసి రాస్తున్నా:

వస్తువు: ఎడమ చెప్పు.
యజమాని: కోతి.
లోపం: ఒక చోట నిలవదు.
తిరిగి ఇచ్చు తేది: అడిగినప్పుడు.

అక్క

ఉత్తరం పోస్టులో వెయ్యకముందే ఇంకో ముక్క. నీ చెప్పు పార్శిల్ చేద్దామని పొద్దున బల్ల మీద పెట్టి లాండ్రీకి వెళ్ళా. వచ్చేసరికి లేదు. ఇంట్లో ఆయన తప్ప ఎవరూ లేరు. ఎక్కడ పెట్టారంటే "వచ్చి వెతుక్కోమను" అంటున్నాడు. స్టాండు మాత్రం వంటగది గుమ్మంలో ఉంది. నేను పొద్దున వదిలింది కిటికీ దగ్గర.


సీట్ల షెడ్డు నుంచి, ఉత్తరం కాదు, చీటీ

అక్కా,

ఆదివారం వస్తున్నాం, అందరం. ఒంటి చెప్పుతో వస్తున్నా. కుడిది తుడిచి పెట్టుకున్నా.

ఐదు నిమిషాల్లో కనిపెట్టాడా? మోసం! కర్టెన్లు ఐదున్నాయి!

నీ కోతి


సీట్ల షెడ్డు నుంచి, ఎండ మొదలైన సోమవారం

అక్కా,

నిన్నటి ఆదివారానికి నీకెలా థాంక్స్ చెప్పాలో తెలీక పొద్దున్నించీ ఒకే సీటుకి మూడుసార్లు కుట్టు విప్పా.

లోపలికి రాగానే ఏడుస్తానని భయపడ్డా. కాళ్ళ మీద పడదామనుకున్నా. బావ కళ్ళద్దంలోంచి నన్ను చూసి "దొంగతనం జరిగిందా ఏంటి, మొహం అలా ఉంది?" అన్నాడు. ఇక ఏడవడానికి వీల్లేకపోయింది.

మూడు గంటలు వెతికా. బీరువా మీద, డబ్బాల్లో, కర్టెన్ల మూటలో, ఆఖరికి ఆయన దిండు జిప్పు తీసి కూడా చూశా. బావ గడియారం బాగుచేసుకుంటూ ఒక్కసారి తలెత్తలేదు. మధ్యలో "చేతులు కడుక్కొస్తా" అని చేతికర్ర పట్టుకుని లేచాడు. స్టాండు లేకుండా! నేను సాయం పడదామని వెళ్తే "నీ పని చూసుకో, ఇంకా దొరకలేదుగా" అన్నాడు. మళ్ళీ బీరువా కిందకి దూరా. చివరికి ఓడిపోయానని అందరి ముందూ ఒప్పుకుని, ఒంటి చెప్పుతో వ్యానెక్కా. బావ కుర్చీలోంచే చెయ్యి ఊపాడు.

రెండు గంటలు తోలుకుంటూ వచ్చా. ఇంటి దగ్గర దిగబోతూ చూశా, నా సీటు కవరు జిప్పు కుడి చివరన ఉంది. నేను ఎప్పుడూ ఎడమ చివరనే ఆపుతా. ముప్ఫై ఆరేళ్ళ పనిలో ఒక్కసారి కూడా కుడి చివర ఆపలేదు. తెరిస్తే నా చెప్పు! దారంతా దాని మీదే కూర్చుని వచ్చా!

దిగి అక్కడే రోడ్డు మీద కూర్చున్నా, అక్కా. మీ గుమ్మానికి మూడు మెట్లు. మెట్ల నుంచి గేటు. గేటు దాటి వ్యాను. అంత దూరం కర్ర పట్టుకుని ఒక్కడే వెళ్ళాడు. డోరు తీశాడు, వంగాడు, జిప్పు లాగాడు, మళ్ళీ మూశాడు, మూడు మెట్లూ ఎక్కి వచ్చి కూర్చుని గడియారం చేతిలోకి తీసుకున్నాడు. నేను బీరువా కిందున్నా. మా ఆవిడ నవ్వుతోంది, నేనేమో చెప్పు పట్టుకుని ఏడుస్తున్నా. పక్కింటాయన తొంగి చూసి, కొత్త చెప్పులు ఇప్పిస్తానన్నాడు.

చెప్పుకి కట్టిన చీటీలో బావ "లోపం" దగ్గర పాత మాట కొట్టేసి "ఏమీ లేదు" అని రాశాడు.

ఒకటే చెప్పు. బావ నవ్వాడా?

నీ కోతి


లాండ్రీ కౌంటర్ నుంచి

తమ్ముడూ,

మీ వ్యాను మలుపు తిరిగేదాకా ఆగాడు. తర్వాత మొదలైంది. అలారం గడియారం కీ అయిపోయేటప్పుడు ఆగి ఆగి మోగుతుందే, అలా నవ్వాడు. కళ్ళజోడు ఒళ్ళో పడింది. ఎందుకో నాకర్థం కాలేదు, అడిగితే చెప్పలేకపోయాడు, చేత్తో వీధి వైపు చూపించి మళ్ళీ నవ్వాడు. నీ ఉత్తరం వచ్చాకే తెలిసింది నాకు. చదివి వినిపిస్తే రెండో విడత నవ్వాడు. పెళ్ళైన ఇరవై ఏడేళ్ళకి నా మొగుడి పళ్ళు అన్నీ చూశాను. బానే ఉన్నాయి.

నువ్వు థాంక్స్ చెప్పేదేంట్రా. నేను చెప్పాల్సినవి ఆ కప్ప దగ్గర్నుంచి అలాగే ఉండిపోయాయి. ఇదుగో, చెప్తున్నా. నెత్తికెక్కకు.

రోజూ పొద్దున గేటు దాకా వెళ్ళొస్తున్నాడు. వచ్చే చలికాలం ఆనకట్టకి ముందు సీటు తనకే కావాలట, జిప్పు కనబడేలా. వస్తువు అందినట్టు చీటీ వెనక సంతకం పెట్టి పంపమంటున్నాడు. సంతకం లేకపోతే పని ముగిసినట్టు కాదట.

అక్క


(చీటీ వెనక)

అందినవి: ఎడమ చెప్పు ఒకటి. నడిచే బావ ఒకడు.
రెండూ బాగున్నాయి.

సంతకం: కోతి